లెక్కకు ముందు ప్రశ్న

అందరికీ నమస్కారం.

నర్సుల ఆరోగ్య వైఖరుల మీద సర్వే చేసిన విద్యార్థులు నన్ను మొదట అడిగేది దాదాపు ఒకటే: "మేడమ్, దీనికి టీ టెస్టా, కై స్క్వేరా?" టీ టెస్ట్ రెండు గ్రూపుల సగటులను పోలుస్తుంది, కై స్క్వేర్ ఏ గడిలో ఎంతమంది ఉన్నారన్న లెక్కలను పోలుస్తుంది. అప్పటికే ఫారాలన్నీ నింపించేసి ఉంటారు. "ఇంతకీ ఏం తెలుసుకుందామనుకున్నారమ్మా?" అంటే చాలామంది తడబడతారు. ఏ టెస్ట్ వాడాలో తేల్చేది ఆ జవాబే.

ఒక ఫారం తీసుకుందాం. "రోజూ వ్యాయామం చేయడం నాకు ముఖ్యం" అని ఉంటుంది. పక్కన 'అస్సలు ఒప్పుకోను' నుంచి 'పూర్తిగా ఒప్పుకుంటాను' దాకా 5 గడులు. 1932లో రెన్సిస్ లైకర్ట్ చూపిన పద్ధతి ఇది. ఈ 1, 2, 3, 4, 5 అంకెలు వరస చెబుతాయి, దూరం చెప్పవు. 4కీ 5కీ మధ్య ఎడం అందరి మనసులోనూ ఒకేలా ఉండదు కదా! అందుకే ఒక్కో వాక్యాన్ని విడిగా చూసేటప్పుడు, ఏ గడిలో ఎంతమంది టిక్ పెట్టారో ముందు లెక్కపెట్టండి.

ఒక వార్డులో ఐదుగురు 3, 3, 3, 3, 3 అన్నారు. ఇంకో వార్డులో 1, 1, 3, 5, 5. రెండు చోట్లా సగటు 3, మధ్యస్థమూ 3. కానీ మొదటి వార్డులో ఎవరూ ఎటూ తేల్చలేదు, రెండో వార్డు నిలువునా చీలిపోయింది. సగటు ఒక్కటే రాస్తే ఆ చీలిక ఎవరికీ కనపడదు.

వాక్యాలన్నీ కలిపి మొత్తం స్కోరు తీస్తే పరిస్థితి వేరు. గ్రూపులో తగినంత మంది ఉండి, స్కోర్లు ఒక పక్కకి మరీ ఒరిగిపోకపోతే, రెండు గ్రూపులకు టీ టెస్ట్, అంతకు మించితే, సగటులనే పోల్చే అనోవా వాడొచ్చు. బాగా ఒరిగితే, సగటుల బదులు స్కోర్ల వరసను చూసే టెస్టులు: రెండు గ్రూపులకు మాన్ విట్నీ, అంతకు మించితే క్రుస్కల్ వాలిస్. అయితే కలిపే ముందు "నైట్ డ్యూటీలో భోజనం మానేసినా ఫర్వాలేదు" లాంటి ఎదురు అర్థం వచ్చే వాక్యాల అంకెలను తిరగేయాలి, అంటే 5 టిక్ పెడితే 1 వేయాలి. ఇది మర్చిపోతే, వాక్యాలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా పడిపోతుంది, ప్రశ్నలు బాగోలేవని మనం వాటినే అనుమానిస్తాం.

ఒక అమ్మాయి శిక్షణకు ముందు 60 మందితో, తర్వాత అదే 60 మందితో ఫారాలు నింపించింది. పేర్లు వద్దనుకుంది, మంచిదే. కానీ కోడ్ నంబరు కూడా వేయలేదు. ఏ ఫారానికి ఏది జోడో తెలియనప్పుడు ఒకే మనిషి ముందు స్కోరునీ తర్వాత స్కోరునీ పోల్చే పెయిర్డ్ టీ టెస్టూ లేదు, అదే పనిని వరసతో చేసే విల్కాక్సనూ లేదు. డ్యూటీ దిగి, కాళ్లు లాగుతున్నా కూర్చుని రాసిన జవాబులవి. ఆ కట్టలు చూస్తే నాకు నిజంగా బాధేసింది. మూలన ఒక చిన్న అంకె ఉంటే చాలేది.

ఇంకొకటి. వయసు, అనుభవం, షిఫ్టు, వార్డు అంటూ కనిపించిన ప్రతిదానికీ టెస్ట్ నడిపేయకండి. నిజంగా ఏ తేడా లేకపోయినా, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు 0.05 హద్దుతో, అంటే ఒక్కో టెస్టులో పొరబడే అవకాశం 5 శాతం ఉండేలా చేస్తే, కనీసం ఒకదానిలో 'తేడా ఉంది' అని వచ్చే అవకాశం దాదాపు 64 శాతం. అసలు ప్రశ్నలు రెండో మూడో ముందే రాసిపెట్టుకోండి.

ఫారం అచ్చు వేయించక ముందే, ఫలితాలు వేయబోయే పట్టికను ఖాళీగా గీసి తీసుకురండి. ఏ గడిలో ఏం రావాలో మీరు చెప్పగలిగితే, టెస్ట్ పేరు పది నిమిషాల్లో తేల్చేద్దాం.