ఇప్పుడెందుకా పాత సంగతి?

అందరికీ నమస్కారం.

భాగస్వామిని పోగొట్టుకున్నవాళ్ళ ఒంటరితనం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను పిలిచారు. చాలా పెద్ద విషయం అది. నేను అందులో ఒక మూల గురించే మాట్లాడతాను. ఆ మూల సంగతి ఎవరూ పైకి చెప్పుకోరు. భర్తో భార్యో పోయి, పిల్లల్ని ఒంటిచేత్తో సాకుతున్న రోజుల్లో, ఎప్పుడో మనల్ని మోసం చేసిన మనిషి మళ్ళీ పలకరిస్తే ఏమవుతుంది? నాకు జరిగింది కాబట్టి చెబుతున్నాను.

మా ఆయన పోయి అప్పటికి పదకొండు నెలలు. పాపకి తొమ్మిదేళ్ళు. ఒక రాత్రి దాన్ని నిద్రపుచ్చి ఫోన్ చూస్తే మెసేజ్ ఉంది. "ఇప్పుడే తెలిసింది. ఎలా ఉన్నావు?" అంతే. పంపినవాడు పెళ్ళికి ముందు నాలుగేళ్ళు నాతో ఉన్నాడు. అందులో చివరి ఏడాదంతా ఇంకొకరితోనూ ఉన్నాడు. ఆ సంగతి తన నోటితో చెప్పలేదు, వేరేవాళ్ళు చెబితే తెలిసింది. అప్పట్లో నెలల తరబడి అన్నం సహించలేదు. జన్మలో వాడి ముఖం చూడనని ఒట్టు పెట్టుకున్నాను.

అలాంటి మనిషి మెసేజ్ చూస్తే కోపం రావాలి కదా. ఏడుపొచ్చింది. ఏడుపులోనే ఎక్కడో హాయిగా కూడా ఉంది. ఆ హాయిని చూసుకుని నా మీద నాకే అసహ్యం వేసింది.

అలా ఎందుకు అనిపించిందో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. రాబర్ట్ వైస్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒంటరితనాన్ని రెండుగా విడదీశాడు. చుట్టూ మనుషులు లేకపోవడం ఒక రకం. మనకంటూ ఒక మనిషి లేకపోవడం ఇంకో రకం. మొదటిది స్నేహితులతో, చుట్టాలతో తీరుతుంది. రెండోది ఇల్లంతా జనం ఉన్నా తీరదు. మా ఇంట్లో ఆ ఏడాది జనానికి కొదవ లేదు. ఓదార్చేవాళ్ళు, సలహాలిచ్చేవాళ్ళు, అయ్యో అనేవాళ్ళు. కానీ వాళ్ళందరికీ నేను "పాపం, భర్త పోయినావిడ"ని. మెసేజ్ పంపిన మనిషి ఒక్కడే నన్ను ఇరవై మూడేళ్ళ అమ్మాయిగా ఎరిగినవాడు. చావు ఇంకా తగలని నన్ను చూసినవాడు. నాకు కావలసింది అతనో, ఆ అమ్మాయో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ అమ్మాయే అయి ఉంటుంది.

ఇంకో కారణం కూడా ఉంది. నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది దాని గురించే. హోమ్స్, రాహె అనే ఇద్దరు మనోవైద్యులు 1967లో జీవితంలో వచ్చే మార్పులకు మార్కులు వేసి ఒక పట్టిక తయారుచేశారు. ఏ మార్పు మనిషిని ఎంత కుదుపుతుందో చెప్పే పట్టిక. భాగస్వామి మరణానికి 100. విడాకులకు 73. అన్నిటికంటే పైన ఉన్నది మరణమే. మన మనసు కూడా ఇలాంటి లెక్కే వేసుకుంటుంది, కాకపోతే తప్పుగా వేస్తుంది. ఇంత పెద్ద దెబ్బ తిన్నాక పాత మోసం ఏపాటిది అనిపిస్తుంది. మనిషే పోయాడు, ఇంకా ఆ గొడవ ఎవరిక్కావాలి అనిపిస్తుంది. వందలోంచి డెబ్బై మూడు తీసేస్తాం. కానీ ఆ పట్టికలో తీసివేతలు లేవు. ఏడాదిలో జరిగినవన్నీ కూడుకుంటూ పోవడమే. శోకం ఒక ఖాతా, మోసం ఇంకో ఖాతా. ఒకదాని బాకీ ఇంకోదానితో చెల్లదు.

ఈ తీసివేత మనమే కాదు, అవతలివాళ్ళూ చేస్తారు. అది తర్వాత చెబుతాను.

జవాబిచ్చాను. వారం తిరిగేసరికి రోజూ మాట్లాడుకుంటున్నాం. ఒక సాయంత్రం ఫోన్ చూసి నవ్వుతుంటే పాప అడిగింది, "ఎవరమ్మా?" అని. ఆలోచించకుండానే "ఆఫీసువాళ్ళు" అన్నాను. అన్న మరుక్షణం ఒళ్ళు చల్లబడింది. ఒకప్పుడు ఇదే ప్రశ్నకి ఇదే జవాబు అతను నాకు చెప్పేవాడు. అక్షరం తేడా లేదు.

అప్పటికే నాకు ఇంకో దిగులు ఉండేది, మా ఆయనకి ద్రోహం చేస్తున్నానేమో అని. ఎంత చిత్రమో చూడండి. ద్రోహం చేసినవాడు నిశ్చింతగా ఉన్నాడు. చేయించుకున్నదాన్ని, నేను నన్ను ద్రోహి అనుకుంటున్నాను. ఇప్పుడు బిడ్డ దగ్గర అబద్ధం కూడా మొదలైంది.

పిల్లల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. విలియం వర్డెన్, ఫిలిస్ సిల్వర్‌మన్ అనే పరిశోధకులు తల్లినో తండ్రినో కోల్పోయిన 125 మంది పిల్లల్ని రెండేళ్ళపాటు గమనించారు. 70 కుటుంబాలు, 6 నుంచి 17 ఏళ్ళ పిల్లలు. మిగిలిన తల్లో తండ్రో మొదటి ఏడాదిలోనే కొత్త తోడు వెతుక్కున్న ఇళ్ళల్లో పిల్లలకి ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. తగినంత వ్యవధి తర్వాత మళ్ళీ పెళ్ళి కుదిరిన ఇళ్ళల్లో మాత్రం అది పిల్లలకి మేలే చేసింది. అంటే తోడు వెతుక్కోవడమే తప్పని ఈ పరిశోధన చెప్పడం లేదు. తొందర గురించి చెబుతోంది. నాకు మెసేజ్ వచ్చింది పదకొండో నెలలో అని మళ్ళీ గుర్తుచేస్తున్నాను.

కొత్త మనిషైతే ఒక లెక్క. ఒకసారి వదిలేసి వెళ్ళిన మనిషి విషయంలో ఇంకో లెక్క కూడా వేసుకోవాలి. అతను మళ్ళీ వెళ్ళిపోతే నేను తట్టుకుంటాను, నాకు అలవాటే. పాప దగ్గరై, వాడు పోతే, అది రెండోసారి తండ్రిని పోగొట్టుకున్నట్టు.

మర్నాడు పాపని కూర్చోబెట్టి నిజం చెప్పాను, దాని వయసుకి తగినంత. "నిన్న అబద్ధం చెప్పాను. ఆఫీసువాళ్ళు కాదు. నాకు చాలా ఏళ్ళ కిందటి స్నేహితుడు. అప్పట్లో నన్ను బాగా బాధపెట్టాడు. ఇప్పుడు మళ్ళీ మాట్లాడుతున్నాడు." అది కాసేపు ఆలోచించి అడిగింది, "సారీ చెప్పాడా?"

చెప్పలేదు. మూడు వారాలుగా మాట్లాడుకుంటున్నా ఆ మాట అతను అనలేదు, నేనూ అడగలేదు. నాకసలు తట్టనే లేదు.

కలిసినప్పుడు అడిగాను. అప్పుడు ఏం జరిగిందో ఒక్కసారి నీ నోటితో చెప్పు అన్నాను. అతను చాలా ప్రేమగా అన్నాడు, "ఇంత కష్టంలో ఉన్నావు, ఇప్పుడెందుకా పాత సంగతి?"

ఇందాక చెబుతానన్న తీసివేత ఇదే. నా భర్త చావుని అడ్డం పెట్టుకుని తన తప్పు దాటేయాలని చూశాడు. కావాలని చేశాడని నేననను. మనుషులు ఇలాంటివి తెలియకుండానే చేస్తారు. కానీ ఆ మాట విన్నాక ఇంక అక్కడ కూర్చోలేకపోయాను. నంబర్ బ్లాక్ చేశాను.

ఇక్కడొక విషయం చెప్పి ముందుకెళ్తాను. మీ పాత మనిషి మీ మీద చేయి చేసుకున్నవాడైతే ఈ కథంతా మీకు వర్తించదు, జవాబే ఇవ్వకండి. భాగస్వామి పోయాక ఇన్సూరెన్స్ డబ్బులాంటిది చేతికొచ్చే సమయం కూడా ఇదే. పలకరింపు వెనకే అప్పు మాట వస్తే మీకు జవాబు దొరికినట్టే.

తర్వాతి నెలలు అంత గట్టిగా గడవలేదు. స్ట్రోబ, షుట్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1999లో శోకం గురించి చెప్పినది నాకు అచ్చంగా జరిగింది. మనిషి పోయిన దుఃఖంలో కాసేపు, బతుకు చక్కబెట్టుకునే పనుల్లో కాసేపు, ఇలా అటూ ఇటూ ఊగుతూనే ఉంటాం. ఊగడం జబ్బు కాదు, కోలుకునే తీరే అది. పాప స్కూలు పనులు, బ్యాంకు పనులు చక్కబెట్టుకున్న రోజున బ్లాక్ చేసి మంచిపని చేశాననిపించేది. మా ఆయన చొక్కా బయటికి తీసిన రోజున బ్లాక్ తీసేయాలనిపించేది. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. రెండు రకాల రోజుల్లోనూ ఒకే జవాబు వచ్చేదాకా ఏదీ తేల్చకూడదని.

నాలుగు నెలల తర్వాత ఉత్తరం వచ్చింది. కాగితం మీద, చేత్తో రాసినది. ఏ నెలలో మొదలైందో, నాకు చెప్పిన అబద్ధాలేమిటో, దొరికిపోయాక నన్నే అనుమానపు మనిషినని తన స్నేహితులకి ఎలా చెప్పాడో, అన్నీ రాశాడు. ఈ చివరిది నాకూ తెలియదు. ఉత్తరం మొత్తంలో ఒక్క "కానీ" లేదు. నేను వెతికాను.

క్షమ మీద చాలా కాలంగా పనిచేస్తున్న రాబర్ట్ ఎన్‌రైట్ అనే మనస్తత్వవేత్త, క్షమించడం వేరు, మళ్ళీ కలవడం వేరు అంటాడు. మొదటిది ఒక్కరే చేసుకోగలరు. రెండోదానికి ఇద్దరూ కావాలి, పోయిన నమ్మకం తిరిగి రావాలి. ఉత్తరం చదివాక నాకు మొదటిది జరిగిందని చెప్పగలను. రెండోదాని సంగతి నన్నడక్కండి. మా అత్తగారూ అడిగారు, ఆవిడకీ ఏం చెప్పాలో తెలియలేదు. అప్పుడప్పుడూ ఫోన్లో మాట్లాడుకుంటాం. తెలిసిన మనిషి. ప్రస్తుతానికి అంతే.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. పాప అతన్ని ఒక్కసారే చూసింది, ఈమధ్యే. పక్కన నేనున్నాను. అది పరిచయాలూ మర్యాదలూ ఏమీ పెట్టుకోలేదు. సూటిగా చూసి, "మీరేనా అంకుల్, మా అమ్మని ఏడిపించింది?" అంది.

"అవునమ్మా, నేనే" అన్నాడు. ఆ తర్వాత ఏదో చెబుతాడేమో అని నేను ఊపిరి బిగబట్టి చూశాను. ఏమీ చెప్పలేదు.

సరే, నేను చెప్పాలనుకున్నది అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి. వెనక వరుసలో చేయెత్తినావిడ, చెప్పండమ్మా.