చేమాకు తల వంచుకుంటుంది

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, మిద్దెతోటల మిత్రులకు నమస్కారం. పది నిమిషాల్లో ముగించమన్నారు. కార్డులో 'నీడలో పెరిగే పెద్దాకు మొక్కలు' అని వేశారు గానీ, నేను మాట్లాడేది ఒక్క చేమ గురించే. దానివల్ల నా గొంతు ఒకసారి పోయింది మరి.

నవ్వకండి. ఆరేళ్ల కిందట ఒక నర్సరీలో "చేమే సార్, పెద్దాకు రకం" అని నాకో కుండీ అంటగట్టారు. కాడ ఆకు అంచుకి కాకుండా కాస్త లోపలికి, గొడుగుకి కర్రలా అతుక్కుని ఉంది. చేమకి అదే గుర్తు కదా అని తెచ్చేశాను. మా ఆవిడ లేతాకులతో పులుసు పెట్టింది. రెండు ముద్దలు తిన్నానో లేదో, నాలుక నిండా సూదులే. రాత్రంతా మజ్జిగ పుక్కిలిస్తూ కూర్చున్నాను. తీరా చూస్తే అది అలొకేసియా, చేమలా కనిపించే వేరే మొక్క. లేత మొక్కప్పుడు దాని కాడా లోపలికే ఉంటుందట! ఆ నర్సరీ ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

మా మేనత్త ఉండుంటే చెప్పేది. వాళ్ల దొడ్లో అంట్లు తోమిన నీళ్లు పారేచోట, సగం నీడలో చేమ ఉండేది. "తల వంచుకుంటే మనది, తలెత్తుకుంటే పరాయిది" అనేది. చేమాకు మొన నేలకేసి వేలాడుతుంది. అలొకేసియా మొన ఎక్కువగా ఆకాశానికేసి ఉంటుంది. పొద్దున్నే వెళ్తే ప్రతి చేమాకు చివరా ఒక బొట్టు. మంచు అనుకునేవాణ్ణి. కాదు, వేళ్లు తాగింది ఎక్కువై రాత్రి మొక్కే వదిలిన నీరు. ఆ బొట్టు కింది ఆకు మీద పడితే ఆకు తడవదు, పాదరసంలా దొర్లిపోతుంది.

ఏం చెబుతున్నాను? ఆ, గొంతు. అసలు చేమలోనూ కాల్షియం ఆక్సలేట్ అనే పదార్థం కంటికి కనపడని సూదుల్లా ఉంటుంది, గుచ్చేవి అవే. అందుకే చింతపండేసి మెత్తగా ఉడికిస్తాం. అమ్మా, మీకే చెబుతున్నా, ఏమిటో తెలియని ఆకుని మాత్రం ఎంత చింతపండేసినా వండకండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. తొలకరికి దుంపని రెండు మూడంగుళాల లోతున, అడుగున్నర ఎడంగా పెట్టండి. పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ చాలు, తడి ఆరనివ్వకండి. వానల్లో ఆకు మీద నీళ్లలో నానినట్టు మచ్చలొస్తే ఆ ఆకు కోసి దూరంగా పారేయండి. ఆరు నెలలకి ఆకులు పసుపెక్కుతాయి, తవ్వుకోండి. నాలుగు దుంపలు నేలలోనే వదిలితే మళ్లీ వస్తాయి.

ఈ సంచిలో మా మేనత్త దొడ్డి విత్తనపు దుంపలున్నాయి. తలా రెండు. వెనక వరుసవాళ్లు ముందు రండి, ముందు వరుసకి ఎప్పుడూ అన్నీ అందుతూనే ఉంటాయి.