తుక్కుతో ఏరేటర్ బాగుచేసే మాడ్ ఎలా ఉంది?

నమస్తే అండీ. ఈ రోజు వీడియో లువాంటి గేమ్ కోసం తయారవుతున్న ఒక మాడ్ గురించి, అంటే గేమ్‌కి అదనంగా ఎక్కించుకునే భాగం. నెల్లూరులో ఇంజనీరింగ్ చదివే కుర్రాళ్లు రిలీజ్‌కి ముందే టెస్ట్ వెర్షన్ పంపించారు. దీనికి నేను డబ్బు తీసుకోలేదు, మాడ్ ఎలాగూ అందరికీ ఫ్రీనే. లువాంటి అంటే దిమ్మెలతో లోకం కట్టుకునే ఆ పాత మైన్‌టెస్టే, 2024 అక్టోబరులో పేరు మార్చారు. ఏ వెర్షన్ కావాలి, ఎలా ఎక్కించాలి అన్నది కింద డిస్క్రిప్షన్‌లో ఉంది, అది వదిలేసి అసలు విషయానికి వచ్చేద్దాం.

మీకొక రొయ్యల గుంట ఉంటుంది, గుంటలో ఏరేటర్లు, అంటే నీళ్లు చిలికి గాలి కలిపే మిషన్లు, తిరుగుతుంటాయి. ఉప్పునీళ్లు కదా, ఒక్కోటీ తుప్పు పట్టి ఆగిపోతుంది. పాత ఇనుము ఏరుకొచ్చి బాగుచేయాలి. ఆట మొత్తం ఇంతే.

నాకు పిచ్చిగా నచ్చింది ఏంటంటే, ఏం పోయిందో స్క్రీన్ మీద రాదు. దగ్గరికెళ్లి వినాలి. కరకరమంటే బేరింగ్ పోయినట్టు. మోటార్ మూలుగుతూ తిరగకపోతే షాఫ్ట్ పట్టేసినట్టు. పొగ వస్తే వైండింగ్, అంటే మోటార్ లోపల చుట్టిన తీగ, కాలింది, రాగి తీగ వెతుక్కోవాల్సిందే. గేర్‌బాక్స్ మూత పోత ఇనుము. దాన్ని మామూలు రాడ్‌తో వెల్డింగ్ పెడితే కాసేపు తిరిగి అక్కడే మళ్లీ పగులుతుంది. నిజంగా కూడా అంతే జరుగుతుంది, ఏ వెల్డింగ్ షాపులో అడిగినా చెప్తారు.

ముత్తుకూరు దగ్గర మా బావ గుంటలు చేస్తాడు. రాత్రి కరెంటు పోతే ఆయన పడే టెన్షన్ నేను కళ్లారా చూశాను. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది, ఆ టైంలో ఏరేటర్ ఆగితే రొయ్య నీటి పైకి తేలుతుంది, ఇక పంట పోయినట్టే. ఈ మాడ్‌లో కూడా ప్రమాదం రాత్రిపూటే పెట్టారు. చీకట్లో టార్చ్ పట్టుకుని చప్పుడు వింటూ గట్టు మీద తిరుగుతుంటే నాకు గుండె దడ వచ్చింది.

ఇంతకుముందు ఫ్యాక్టోరియో అనే ఫ్యాక్టరీలు కట్టే గేమ్ చాలా ఆడాను. దాని అదనపు భాగం స్పేస్ ఏజ్‌లో ఫుల్గోరా గ్రహం మీద తుక్కు తవ్వి రీసైకిల్ చేస్తే గేర్లు, కాంక్రీటు, బ్యాటరీలు, ఇలా చాలా వస్తాయి. అందులో వేరుచేసే పని అద్భుతం, కానీ రిపేర్ మాత్రం చప్పగా ఉంటుంది. రిపేర్ ప్యాక్ పట్టుకుంటే ఏ మిషనైనా బాగైపోతుంది. ఏం పోయిందో ఎవరికీ అక్కర్లేదు.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన విషయం. ప్రతి ముక్కకీ తుప్పు ఎంత, మందం ఎంత అని మెటాడేటాలో, అంటే ఆ వస్తువుతో పాటు దాచే వివరాల్లో, రాశారు. ఆలోచన మంచిదే. కానీ లువాంటిలో మెటాడేటా తేడాగా ఉన్న వస్తువులు ఒకే గడిలో చేరవు. మామూలుగా ఒక గడిలో 99 పట్టే వస్తువు ఇక్కడ ముక్కకో గడి తింటుంది. సంచిలో ఉండేవి 32 గళ్లు. ఒకసారి ఏరుకొస్తే నిండిపోయింది! పలుగు పెట్టుకోవడానికి కూడా చోటు లేదు. ఏరేటర్ ఆగిపోయి రొయ్య తేలుతుంటే నేను సంచి సర్దుకుంటూ కూర్చున్నాను. ఆట అక్కడే చచ్చిపోతోంది తమ్ముళ్లూ.

మన ఊళ్లలో పాత సామాన్ల కొట్టుకి ఒకసారి వెళ్లి చూడండి. ముక్కలు ఎవరూ లెక్కపెట్టరు. ఇనుము ఒక కుప్ప, పోత ఇనుము ఒక కుప్ప, రాగి, ఇత్తడి, అల్యూమినియం వేరువేరుగా. అన్నీ కిలోల్లోనే. మీరూ అలాగే కుప్ప అని ఒక నోడ్, అంటే గేమ్‌లో ఒక దిమ్మె, పెట్టండి, లోహం వారీగా బరువు ఆ నోడ్ మెటాడేటాలో దాచండి. కావాల్సినప్పుడు ఒక ముక్క బయటికి లాగితే, తుప్పు, మందం అప్పుడు తేల్చండి. మీ ఆలోచన ఎక్కడికీ పోదు, సంచి మాత్రం తేలికవుతుంది. అయస్కాంతం కూడా పెట్టండి. రాగి, ఇత్తడి దానికి అంటుకోవు, కాబట్టి చీకట్లో కూడా వేరుచేయొచ్చు.

గ్రాఫిక్స్ మామూలే. తెలుగు మెనూ ఉంది, బాగుంది.

నా మాట అడిగితే ఎక్కించుకోండి, ఇప్పుడే. ఇంత లోపం ఉన్నా, ఆ చప్పుడు విని పట్టుకునే రిపేర్ నాకు ఇంకెక్కడా దొరకలేదు. ఫోన్‌లో ఆడేవాళ్లు మాత్రం కుప్ప వచ్చేదాకా ఆగండి, చిన్న స్క్రీన్ మీద ఆ సంచి సర్దడం నరకం. కొత్త వెర్షన్ పంపగానే మళ్లీ వీడియో చేస్తాను.