పన్నెండు గీత దగ్గర పత్తి
(నల్లగొండలో ప్రపంచ పత్తి దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, మార్కెట్ యార్డు హమాలీ సోదరులకు, జిన్నింగు మిల్లుల ఫిట్టర్లకు, చండూరు, మునుగోడు, దేవరకొండ, కల్వకుర్తి దిక్కు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అన్నలకు, అక్కలకు నమస్కారం. పేరు పేరునా చెప్పాలి గానీ శాలువాలకే ముప్పావుగంట అయిపోయింది. వెనక వరసలో కొందరు అప్పుడే చెప్పులు వెతుక్కుంటున్నారు. జర కూర్చోండి.

నాకిచ్చిన అంశం ‘పత్తి పరిశోధనలో నూరేళ్ల ప్రగతి’. ఇది గబగబా చెప్పేస్తాను, అసలు మాట్లాడాల్సింది పత్తి తేమ గురించి, కొనుగోలు కేంద్రంలో పన్నెండు శాతం దగ్గర గీసిన గీత గురించి. 1924లో బొంబాయి మాతుంగలో పింజను, అంటే పత్తి పోగును, పరీక్షించే ప్రయోగశాల పెట్టారు. ఇప్పుడు కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ, సిర్కాట్ అని పిలుస్తున్నది దాన్నే. 1967లో అఖిల భారత సమన్వయ పరిశోధన ప్రాజెక్టు వచ్చింది. 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ హెచ్-4 ఇచ్చారు. ప్రపంచంలో రైతు పొలానికి చేరిన మొదటి సంకర పత్తి అదే. 1976లో నాగపూర్‌లో కేంద్ర పత్తి పరిశోధన సంస్థ. 2000లో కేంద్ర ప్రభుత్వ పత్తి టెక్నాలజీ మిషన్. 2002లో కాయతొలుచు పురుగును చంపే జన్యువు ఎక్కించిన బీటీ పత్తి, 2006లో రెండు జన్యువుల బీటీ. మనకు దగ్గర్లో పాలెంలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. నూరేళ్లు అయిపోయాయి.

ఈ జాబితాలో ఎక్కువ భాగం విత్తనమే, పురుగే. తప్పని అనను. గులాబీ రంగు పురుగు రెండు జన్యువులనూ తట్టుకుని నిలబడింది కదా, ఆ పని ఆగడానికి లేదు. పూత మొదలవగానే లింగాకర్షక బుట్టలు, అంటే ఆడ పురుగు వాసనతో మగ పురుగులను పట్టే బుట్టలు, పెట్టుకోవాలి. వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది చొప్పున రెక్కల పురుగులు పడితే మందు కొట్టే సమయం వచ్చినట్టు. విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డి పూలను తెంపి నాశనం చేయాలి. ఇది మీకు వెయ్యిసార్లు చెప్పారు. పంటను జనవరి దాటి పొడిగించొద్దని కూడా చెప్పారు. ఫిబ్రవరిలో ఇంకో నీళ్లు కడితే రెండు క్వింటాళ్లు వస్తుందన్న ఆశతో పొడిగిస్తూనే ఉన్నారు. ఆ రెండు క్వింటాళ్లలో పుచ్చిన కాయే ఎక్కువ. పైగా వచ్చే ఏడు పురుగుకు విత్తనం పోసినట్టే.

చెలక భూముల వాళ్లకు ఒక మాట చెప్పి ముందుకు పోతాను. తొంభై బై తొంభై సెంటీమీటర్ల అచ్చు తోలితే ఎకరానికి సుమారు ఐదు వేల మొక్కలు. తొంభై బై పదిహేను సెంటీమీటర్లయితే ముప్పై వేలు. సెప్టెంబరులో వాన ఎగ్గొట్టే ఎర్ర చెలకలో మొక్క ఎట్లాగూ పెద్దగా కమ్మదు. మొక్కకు కాయలు తక్కువైనా మొక్కలు ఎక్కువుంటే లెక్క నిలబడుతుంది. కాపు రెండు మూడు ఏరుళ్లలో అయిపోతుంది, గులాబీ పురుగు ముదిరే నాటికి చేను ఖాళీ. మొక్క ఏపుగా పోకుండా మెపిక్వాట్ క్లోరైడ్ అనే మందు కొట్టాలి, లేకపోతే లోపల గాలి ఆడక అడుగు కాయ కుళ్లిపోతుంది. చిక్కల్లా విత్తనం ఖర్చు. రెండు ప్యాకెట్లు వేసే చోట ఐదారు కావాలి. సంకర విత్తనం దాచుకుని మళ్లీ వేయడానికి రాదు. గద్వాల నడిగడ్డలో కూలీలు సాయంత్రం మొగ్గల్లో కేసరాలు గిల్లి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఒక్కొక్క పువ్వుకు అద్దితే తయారయ్యే విత్తనం అది. అంత చేతి కష్టం ఉన్న గింజ చవకగా ఎట్లా దొరుకుతుంది? దగ్గర దగ్గరగా వేయడానికి సూటి రకాలు, అంటే సంకరం కాని, గింజ దాచుకుని మళ్లీ వేసుకోగల రకాలు కావాలి. బ్రెజిల్, ఆస్ట్రేలియా అట్లాగే చేస్తున్నాయి. మన పరిశోధన స్థానాలను అడగాల్సింది అదే.

సరే, ఇక తేమ.

మీరు ఎల్లుండి నుంచి ఏరుడు మొదలుపెడతారు. ఏరిన పత్తి కొనుగోలు కేంద్రానికి పోయేసరికి మిమ్మల్ని అడిగేది ఒక్కటే అంకె. పింజ పొడవు మీ ముందు ఎవరూ కొలవరు. మైక్రోనేరు, అంటే పోగు సన్నమా మందమా, పండిందా లేతదా అనేది మీకు ఎవరూ చెప్పరు. క్వింటాలుకు ఎన్ని కిలోల దూది వస్తుందో మీకు తెలియనే తెలియదు. తేమ మాత్రం కొలుస్తారు. పత్తిలో ఉన్న గుణాలన్నింటిలోకి రైతు సొమ్మును కోసేది ఒక్కటే కొలుస్తారన్నమాట.

రూలు మీకు తెలుసు. ఎనిమిది శాతం దాకా పూర్తి ధర. ఎనిమిది దాటితే ఒక్కో శాతానికి ఒక్కో శాతం కోత. పన్నెండు దాటితే మద్దతు ధరకు కొనే ప్రభుత్వ సంస్థ కాటన్ కార్పొరేషన్, అదే సీసీఐ, కొనదు. 2025-26కు పొడవు పింజ మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ లెక్కే పట్టుకుందాం. ఒక్క శాతానికి 81 రూపాయల 10 పైసలు. పన్నెండు శాతం ఉంటే 7,785 రూపాయల 60 పైసలు.

ఇప్పుడు కాగితం ఉన్నవాళ్లు రాసుకోండి. మీ దగ్గర పన్నెండు శాతం తేమతో పది క్వింటాళ్లు ఉంది. అట్లాగే అమ్మితే 77,856 రూపాయలు. కాదు, ఎండబెట్టి ఎనిమిదికి తెస్తానంటే నీరు పోయి పత్తి 956న్నర కిలోలకు దిగుతుంది. పూర్తి ధరకు అమ్మితే 77,574. విన్నారా? 282 రూపాయలు తక్కువ! ఎండబెట్టిన కూలి వేరే. అంటే ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య కోత అన్యాయమేమీ కాదు, నీటి బరువుకు దాదాపు సరిపోయేంతే కోస్తున్నారు. పన్నెండు లోపల ఉన్న పత్తిని ధర కోసమని ఎనిమిదికి ఎండబెట్టే పని పెట్టుకోవద్దు. నిల్వ చేసేటట్టయితే మాత్రం ఎండబెట్టాల్సిందే. తడి పత్తి కుప్పలో వేడెక్కి దూది పసుపు తిరుగుతుంది, గింజ నూనె చెడుతుంది.

దెబ్బ తగిలేది పన్నెండు గీత దగ్గర. పన్నెండున్నర చూపితే వాపసు. కపాస్ కిసాన్ యాప్‌లో స్లాటు పెట్టుకుని, ట్రాలీ కిరాయి కట్టి, వాపసు పోవాలి. లేదా గేటు బయట నిలబడ్డ వ్యాపారి చెప్పిన ధరకు ఇయ్యాలి. పద్నాలుగున్న పది క్వింటాళ్లను పన్నెండుకు తెస్తే 977 కిలోలు మిగిలి 76,087 రూపాయలు వస్తాయి. ఎండబెట్టే కష్టం నిజంగా గిట్టేది ఇక్కడ, ఆ రెండు శాతం దగ్గర.

ఇంకోవైపు చూడండి. జనవరి ఎండకు పత్తి ఐదు శాతానికి దిగిందనుకోండి. ఎనిమిది శాతం దగ్గర పది క్వింటాళ్లున్నది 968 కిలోలు అవుతుంది. ముప్పై ఒకటిన్నర కిలోలు, 2,561 రూపాయలు గాలికి పోయాయి. తేమ ఎక్కువుంటే కోత ఉంది, తక్కువుంటే బోనసు సంగతేమిటి? ఈ ప్రశ్న మన తరఫున ఎవరైనా అడిగారా? మీరు చెప్పండి, ఏ సభలోనైనా విన్నారా? లేదు. బాగా ఎండిన పత్తిలో మిల్లు వాళ్లు తర్వాత నీటి ఆవిరి పట్టించి బేలు, అంటే దూది మూట, నొక్కుతారు. ఆ నీటికి దూది ధర వస్తుంది. మన దగ్గర నీళ్లు చల్లి తెచ్చేవాళ్లు లేరని నేను అనను, ఉన్నారు. వాళ్ల వల్లే అందరి కుప్పనూ అనుమానంగా చూస్తారు.

మరి ఆ పన్నెండును నిర్ణయించే మీటరు ఎట్లా పనిచేస్తుంది? రెండు మొనల మధ్య పత్తి గుండా కరెంటు ఎంత సులువుగా పారిందో చూసి తేమ అంచనా కడుతుంది. అది నీటిని తూచదు. వదులుగా నింపితే తక్కువ చూపుతుంది, బిగించి ఒత్తితే ఎక్కువ. పొద్దున ఏడింటికి మంచు తడి పట్టిన పై పొరలో గుచ్చితే పై పొర తడే చెప్తుంది. పత్తి వేడిగా ఉంటే అంకె పైకి పోతుంది. మొనల మీద మురికి ఉన్నా, గుచ్చేవాడి చేతికి చెమట ఉన్నా తేడా వస్తుంది. పన్నెండుకు అటూ ఇటూ ఒక్క శాతం ఊగే యంత్రాన్ని పెట్టి ట్రాలీని వెనక్కి పంపుతున్నాం.

నిఖార్సైన పద్ధతి పొయ్యి పెట్టె, అదే ఓవెన్. వంద గ్రాముల పత్తి గింజతో సహా తూచి, 105 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచాలి. 89 గ్రాములు మిగిలితే తేమ పదకొండు. గింజ లోపలి నీరు పోవడానికి గంటలు పడుతుంది, కాబట్టి ప్రతి ట్రాలీకీ చేయడం కుదరదు. కుదిరేదేమిటంటే, ఓవెన్‌లో తేలిన పత్తిని గాలి చొరని డబ్బాలో మూసి పెట్టి, పొద్దున కొనుగోలు మొదలయ్యే ముందు రైతుల ఎదుట మీటరును దానితో సరిచూడటం. ప్రతి యార్డుకూ ఒక ఓవెన్, ఒక తక్కెడ. పరిశోధన అంటే జన్యువులే కాదు, ఇదీ పరిశోధన ఫలమే.

ఫిట్టర్లు నవ్వుకుంటున్నారు, ఈయన మా దగ్గరికి ఎప్పుడు వస్తాడని. వచ్చాను. డబుల్ రోలరు జిన్నులో, అంటే గింజ నుంచి దూదిని విడదీసే యంత్రంలో, జరిగేది మీకు తెలిసిందే. తోలు బిళ్లల రోలరు నిమిషానికి సుమారు వంద చుట్లు తిరుగుతూ పింజను పట్టి కదలని కత్తి కిందికి లాగుతుంది, ఊగే కత్తి గింజను కొట్టి విడగొడుతుంది. రెండు కత్తుల ఒరుపు ఎక్కువైతే గింజ పగిలి దూదిలో పెంకు కలుస్తుంది, తక్కువైతే గింజకు దూది అంటుకుని పోతుంది. రోలరు గాడి అరిగితే పింజ జారుతుంది, రాపిడికి తోలు కాలుతుంది. క్రోమ్ పట్టించిన తోలు అరిగిన పొడి దూదిలోనూ, మీ ఊపిరితిత్తుల్లోనూ చేరుతుంది. సిర్కాట్ క్రోమ్ లేని రోలర్లు తయారుచేసి చూపించింది. మీ మిల్లులో ఎన్ని ఉన్నాయో యజమానులను అడగండి.

జిన్నుకు పోయే పత్తిలో దూది తేమ ఆరు నుంచి ఎనిమిది ఉంటే మేలు. తడిగా ఉంటే రోలరుకు చుట్టుకుంటుంది, ఉండలు కడుతుంది. మరీ ఎండితే పోగు పెళుసెక్కి తెగుతుంది, పొట్టి పోగులు పెరుగుతాయి. చూశారా, మళ్లీ తేమకే వచ్చాను. అధ్యక్షులు గడియారం చూస్తున్నారు, రెండు ముక్కలు చెప్పి ఆపేస్తాను.

ఒకటి, దూది శాతం. ఒక బేలు 170 కిలోలు. వంద కిలోల పత్తికి ముప్పై నాలుగు కిలోల దూది వస్తే ఐదు క్వింటాళ్ల పత్తికి ఒక బేలు. ముప్పై ఒకటే వస్తే 548 కిలోలు కావాలి. దూది ధర గింజ ధరకు ఎన్నో రెట్లు, మరి ముప్పై నాలుగు ఇచ్చే రైతుకూ ముప్పై ఒకటి ఇచ్చే రైతుకూ ఒకటే ధర ఎందుకు? చిన్న నమూనా జిన్ను ఒకటి యార్డులో పెడితే కిలో పత్తితో తేలిపోయే లెక్క ఇది.

రెండు, ఏరుడు. అక్కలారా, ఇది మీకు. మంచు ఆరిన తర్వాతే చేన్లో దిగండి. కింది కాయలు ముందు ఏరి పైకి రండి, ఆకు ముక్కలు కింది దూదిలో పడవు. వానకు తడిసింది వేరే, పుచ్చింది వేరే, ఆఖరి ఏరుడు వేరే. తలకు గుడ్డ కట్టండి. యూరియా సంచుల్లో ఏరకండి, వాటి ప్లాస్టిక్ దారం రంగు పట్టదు. బట్ట నేసి అద్దకం వేసిన తర్వాత గానీ బయటపడదు, అప్పటికి థాను థానంతా పోయినట్టే. నూలు గుడ్డ సంచి నడుముకు కట్టుకోండి. ఇంటికి తెచ్చింది టార్పాలిన్ మీద జానెడు మందం మించకుండా పరిచి, మధ్యాహ్నం ఒకసారి తిరగేసి, పొద్దుగూకక ముందే కప్పండి. ఎండిన పత్తి రాత్రి గాలిలో తేమను మళ్లీ తాగుతుంది. ట్రాలీ తెల్లవారుజామున కాదు, పత్తి ఎండ తిన్న తర్వాత నింపండి.

కేంద్రంలో మీటరు పెట్టేటప్పుడు ఒక్కచోట గుచ్చనీయకండి. పైన, నడుమ, అడుగున, కనీసం పది చోట్ల తీసి కలిపి కొలవమనండి. పన్నెండున్నర వస్తే అరగంట ఆగి, నీడన ఆరబోసి, రెండోసారి కొలవమని రాతపూర్వకంగా అడగండి. అట్లా రాయడానికి ఒక నమూనా కాగితం వెనక బల్ల మీద ఉంది. పోయేటప్పుడు తలా ఒకటి తీసుకోండి.