పెళ్లి కుదిర్చే రాయి, నరకపు తిత్తి: ఒక బాస్క్ కొండ జాతర

[తెర మీద: పొగమంచు పట్టిన కొండ రోడ్డు. గుంపులుగా నడిచి వస్తున్న జనం.]

జూన్ 13, పొద్దున్నే. స్పెయిన్ ఉత్తరాన బాస్క్ ప్రాంతం. కింద దురాంగో ఊరి నుంచి ఈ ఉర్కియోలా కనుమకి రావాలంటే దాదాపు 600 మీటర్ల ఎత్తు ఎక్కాలి. కార్లు పైదాకా వస్తాయి. అయినా నడిచి వచ్చేవాళ్లు బోలెడుమంది. ఇవాళ సెయింట్ ఆంటోనీ పండగ మరి. దీన్ని ఇక్కడ ఎర్రొమెరియా అంటారు. ఒకప్పుడు రోమ్‌కి యాత్ర వెళ్లేవాళ్లని బట్టి పుట్టిన మాట. మన మాటల్లో కొండ జాతర.

[చర్చి ముందు రాయి, దగ్గరగా.]

ఈ రాయిని చూడండి. ఆకాశం నుంచి పడిన ఉల్క అని చెప్పుకుంటారు. చుట్టూ ప్రదక్షిణ చేస్తే జోడీ కుదురుతుందట. ఎన్ని చుట్లు, ఎటు నుంచి ఎటు? పదిమందిని అడిగితే పది లెక్కలు చెబుతారు. నవ్వుకుంటూనే తిరుగుతారు, కానీ తిరుగుతారు!

ఈ పెళ్లి గోల చర్చి ముందుకి ఎందుకొచ్చింది? బాస్క్ రైతుల ఇంటిని బసెర్రి అంటారు. కొండవాలు మీద ఒక్కో ఇల్లు ఒక్కో చోట విసిరేసినట్టు ఉంటుంది. అలాంటి చోట పెళ్లీడు పిల్లలు ఒకరి కంట ఒకరు పడాలంటే జాతరే దిక్కు. ప్రార్థనకని ఇంట్లో చెప్పి వచ్చేవాళ్లు. అసలు పని ప్రార్థన అయ్యాక మొదలయ్యేది.

[అకార్డియన్ మోత.]

బటన్లున్న చిన్న అకార్డియన్, పక్కన కంజీర లాంటి పాండెరో. ఈ జంటే త్రికితిషా. దీని గురించి మొదటి రాత ఆధారం 1889 నాటిది, అదీ ఈ ఉర్కియోలా జాతరదే. ఆ మోతకి ఆడామగా కలిసి చిందేస్తుంటే ఫాదర్లకి ఒళ్లు మండింది. అకార్డియన్‌కి ‘ఇన్‌ఫెర్నుకో ఔస్పోవా’ అని పేరు పెట్టారు. అంటే నరకపు కొలిమి తిత్తి. తిట్టు పేరుగా మిగిలింది, తిత్తి మాత్రం ఆగలేదు.

[పెనం, తడుతున్న చేతులు.]

ఆకలేస్తోందా? ఇది తాలో. మొక్కజొన్న పిండి, ఉప్పు, వేడినీళ్లు, అంతే. ముద్దని తిప్పుతూ చేత్తో తట్టడం చూస్తే జొన్నరొట్టె గుర్తొస్తుంది. పెనం మీద నల్లమచ్చలు పడ్డాక మధ్యలో చిస్తొర్రా పెట్టి మడుస్తారు. పంది మాంసంలో ఎర్ర మిరపపొడి కలిపి చేసిన సన్న సాసేజ్ అది. కొరకగానే ఎర్ర నూనె మణికట్టు దాకా కారుతుంది, తెల్ల చొక్కా వేసుకుని రావద్దు. పంది తినరా? చీజ్ పెట్టమని అడగండి.

[పైన రాతి శిఖరం.]

ఇప్పుడు తల ఎత్తండి. ఆ సున్నపురాయి శిఖరం అన్‌బోతో, 1,331 మీటర్లు. బాస్క్ కథల్లోని దేవత మారి ఉండేది అక్కడి గుహలోనే. కింద సెయింట్ ఆంటోనీ, పైన మారి, ఇద్దరికీ పేచీ లేదు. శిఖరానికి మబ్బు కమ్మిందంటే ఆవిడ ఇంట్లో ఉన్నట్టు లెక్క. అందుకే జూన్ అయినా సరే, సంచిలో రెయిన్‌కోట్ పెట్టుకోండి.