ఆక్‌తో మాటను వెతకడం

ఫైల్లో ఒక మాట ఉన్న వరుసలు కావాలి. దీనికి ఆక్ (awk) ఉంది, ఫైళ్లను వరుస వరుసగా చూసే చిన్న ప్రోగ్రామింగ్ భాష. ఆక్‌లో రెండు వాలుగీతల మధ్య ఆ మాట రాస్తాం, /కల/ అని. ప్రోగ్రామ్ అయిపోయింది. 1977లో బెల్ ల్యాబ్స్‌లో ఆహో, వైన్‌బెర్గర్, కెర్నిగన్ దీన్ని తయారుచేసినప్పటి నుంచీ పద్ధతి ఇదే: ముందు నమూనా, తర్వాత పని. పని చెప్పకపోతే నమూనా తగిలిన వరుసను ప్రింట్ చేసి ఊరుకుంటుంది.

ఇప్పుడు ఏమొచ్చాయో చూడండి. కలతో పాటు కలప, సకలం ఉన్న వరుసలూ వచ్చాయి. అవి సరే, 'కలిసి' ఎందుకొచ్చినట్టు? యూనికోడ్‌లో గుణింతపు గుర్తు అక్షరం వెనకాల విడిగా ఉంటుంది. 'కలి' అంటే క, ల, ఆ తర్వాత గుడి. అందులో 'కల' ఉండనే ఉంది. ఆక్‌ను తిట్టి లాభం లేదు, మనం అడిగింది అక్షరాలనే.

మాటే కావాలంటే నేనైతే ఫీల్డులనే నమ్ముకుంటాను. ఆక్ ప్రతి వరుసనూ ఖాళీల దగ్గర విడగొట్టి $1, $2 అని ఇస్తుంది. ఎన్ని ముక్కలో ఎన్ఎఫ్ (NF) చెబుతుంది. 1 నుంచి ఎన్ఎఫ్ దాకా లూప్ తిప్పి, ఒక్కో ముక్కనూ == తో పోల్చండి. దొరగ్గానే వరుసను ప్రింట్ చేసి నెక్స్ట్ (next) అని తర్వాతి వరుసకు వెళ్లండి, లేదంటే మాట రెండుసార్లున్న వరుస రెండుసార్లు వస్తుంది. వరుస నంబరు కూడా కావాలంటే ఎన్ఆర్ (NR) ఉంది.

కామా అంటుకున్న 'కల,' మాత్రం ఇలా దొరకదు. ఒకదాని బదులు ఇంకోటి పెట్టే జీసబ్ (gsub)తో విరామ చిహ్నాలు తీసేయాలి, కానీ ముక్కను వేరే వేరియబుల్లోకి కాపీ చేసుకున్నాకే. నేరుగా $3 మీద జీసబ్ నడిపితే ఆక్ $0ను, అంటే మొత్తం వరుసను, మళ్లీ కడుతుంది. ప్రింటయ్యే వరుసలో కామా పోతుంది, పక్కపక్కనే ఉన్న నాలుగు ఖాళీలు ఒక్కటైపోతాయి. ఎక్కడ పోయిందో తెలియక తల పట్టుకోవాలి.

ఆక్‌కు గ్నూ వాళ్ల రూపమైన జీఆక్ (gawk)లో మాట అంచుల్ని పట్టే \< , \> ఉన్నాయి. హాయిగానే ఉంటాయి గానీ అన్ని ఆక్‌లకూ అవి తెలియవు.

ఇంతా చేశాక తెలుగు ఫైల్లో ఇంకో చిక్కు. == పెడితే కలను, కలలో, కలలు అన్నీ జారిపోతాయి. ^కల అని మొదలు మాత్రం బిగిస్తే కలప మళ్లీ హాజరు. విభక్తులు ఆక్‌కు తెలియవు కాబట్టి ఇక్కడ == వదిలి, నమూనాతో పోల్చే ~ వాడి, రూపాలు మనమే రాసివ్వాలి: ^కల(ను|కు|లో|లు)?$. ఇక్కడి $ ముక్క చివరను బిగిస్తుంది, బ్రాకెట్ తర్వాతి ? ఆ రూపాలు లేకపోయినా పర్లేదంటుంది. ముందు ^కల తో ఒకసారి నడిపి, మీ ఫైల్లో ఏ రూపాలున్నాయో చూసుకుని ఆ బ్రాకెట్ నింపండి.