దుబాయ్‌కి మామిడి పల్ప్ పంపేముందు ఈ డ్యూటీ లెక్క చూడండి

(గోడౌన్‌లో డ్రమ్ములు, దగ్గరగా)

నమస్తే అన్నా, నమస్తే అక్కా. చిత్తూరు పక్కన ఒక పల్ప్ ఫ్యాక్టరీ గోడౌన్‌లో ఉన్నా. ఎనకాల కనిపిస్తుండే ఈ డ్రమ్ములు ఒక్కోదాంట్లో 215 కిలోల తోతాపురి గుజ్జు, 20 అడుగుల కంటైనర్‌లో 80 దాకా పడతాయి, ఈడ్నించి చెన్నై పోర్టుకి పోయి ఓడెక్కుతాయి. ఓడ దిగినాక అవతలి దేశం గేటు కాడ కట్టే సుంకం, అదే ఇంపోర్ట్ డ్యూటీ, దాని గురించే ఈరోజు.

చానా మంది ఏమనుకుంటారంటే, డ్యూటీ కట్టేది కొనేవాడు కదా మనకెందుకులే అని. కాగితం మీద కట్టేది వాడే, కానీ ఆ డబ్బు వాడు మన రేట్లోంచే కోస్తాడన్నా, ఆ కోత ఫ్యాక్టరీ మీద పడి అక్కడ్నించి దామలచెరువు మండీలో కాయ రేటు దాకా దిగొస్తుంది.

మా బావ సంగతి చెప్తా. మొదటి ఆర్డర్ దుబాయ్‌ది, కొనే పార్టీ మెయిల్‌లో రేటు కింద "డీడీపీ" అని మూడక్షరాలు పెట్టినాడు, ఈయన సరే అన్నాడు. డీడీపీ అంటే అక్కడి డ్యూటీ, ట్యాక్సు కూడా అమ్మేవాడే కట్టి సరుకు వాళ్ళ గోడౌన్‌కి చేర్చాల. లెక్క చూడండి, సరుకు 10 లక్షలు, ఓడ బాడుగ ఇన్సూరెన్సు కలిపి లక్ష అనుకుందాం. గల్ఫ్‌లో డ్యూటీ వేసేది ఆ బాడుగ కూడా కలిపిన సీఐఎఫ్ విలువ మీద, అంటే 11 లక్షల మీద 5 శాతం, 55 వేలు. ఆ రెండూ కలిపిన 11 లక్షల 55 వేల మీద మళ్ళీ 5 శాతం వ్యాట్, 57,750. మొత్తం 1,12,750 రూపాయలు. అక్కడ రిజిస్టరైన కంపెనీకైతే వ్యాట్ వెనక్కొస్తుంది, మనకి రాదు. సీజనంతా కష్టపడి ఆ కంటైనర్ మీద బావకి ఏమీ మిగల్లేదు, నాకు ఇప్పటికీ బాధే.

ఇంకో బాధేందంటే, 2022 మే 1 నుంచి యూఏఈతో, అదే దుబాయ్ ఉండే దేశంతో, మనకి సెపా అనే వ్యాపార ఒప్పందం ఉంది, చానా సరుకులకి డ్యూటీ తీసేసినారు లేకపోతే తగ్గించినారు. కానీ దానంతటది రాదు, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, అంటే సరుకు మన దేశందే అని చెప్పే కాగితం ఉండాల, కేంద్రం విదేశీ వ్యాపార శాఖ డీజీఎఫ్‌టీ పోర్టల్‌లో అప్లై చేస్తారు. కాయ మన తోటల్దే, ఆ కాగితం తెచ్చుకోడానికి అడ్డేముంది చెప్పండి, బావకి ఆ సంగతి చెప్పినోళ్ళే లేరు.

(ఇన్‌వాయిస్ మీద వేలు పెట్టి చూపించాల)

ఈ నంబర్ చూడండి, హెచ్ఎస్ కోడ్, అంటే సరుకు ఏ రకమో కస్టమ్స్‌కి చెప్పే నంబర్. మొదటి ఆరు అంకెలు దాదాపు అన్ని దేశాల్లో ఒకటే, తర్వాతవి ఎవరివి వాళ్ళవి, మనకి మొత్తం 8, అమెరికాకి 10. తాజా మామిడి కాయ 0804 కింద, జ్యూస్ 2009 కింద వస్తాయి, కాబట్టి "మ్యాంగో ప్రొడక్ట్" అని ఊరికే రాస్తే అక్కడి ఆఫీసరు ఏ కోడ్ కిందన్నా వేయొచ్చు, కోడ్ మారితే రేటూ మారుతుంది.

అమెరికాకి పంపేవాళ్ళు ఇంకా జాగ్రత్త. అక్కడ డ్యూటీ లెక్కలో ఓడ బాడుగ కలపరు, అది మనకి మంచిదే, కానీ రేటు నిలకడగా ఉండదు. 2025 ఆగస్ట్ 7న మన సరుకులు చానావాటి మీద అదనంగా 25 శాతం, అదే నెల 27న ఇంకో 25 వేసినారు, తర్వాత మళ్ళీ మార్పులొచ్చినాయి. పోయిన నెల రేటు పట్టుకుని కొటేషన్ ఇయ్యొద్దు.

కాబట్టి రేటు చెప్పేముందే ఆ పార్టీని అడగండి, మీ దేశంలో ఏ కోడ్ కింద దించుకుంటారు, ఈరోజు డ్యూటీ ఎంత, మీ కస్టమ్స్ బ్రోకర్‌ని అడిగి మెయిల్‌లో పెట్టండి అని. మొదటి కంటైనర్ అయితే ఎఫ్‌ఓబీ చెన్నై అని రాసుకోండి, ఓడెక్కేదాకే మన ఖర్చు.